పార్లరు బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం

ఓన్లీ ఫర్ లేడీస్. బ్రైడల్ మేకప్ స్పెషలిస్ట్. ఫేషియల్, బ్లీచింగ్, హెయిర్ కటింగ్, ఐబ్రోస్. హోమ్ సర్వీస్ కలదు. కోర్సు నేర్పబడును. మంగళవారం సెలవు.

అవతారిక

ఈ మూలానికి కర్త ఒక్కరు కారు. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ ఏ ఊరి మెయిన్ రోడ్డులోనైనా, కొత్తగా తెరిచిన ఏ పార్లరు గుమ్మం మీదనైనా, కొద్ది పాఠభేదాలతో ఇదే దర్శనమిస్తుంది. పెయింటరు చేతిలో పార్లర్ 'పార్లల్' అయిన ప్రతులున్నాయి, ఫ్లెక్సీ కొట్టులో ఐబ్రోస్ 'ఐబ్రౌస్' అయిన ప్రతులూ ఉన్నాయి. అవి లేఖక ప్రమాదాలు, అర్థానికి హాని చేయవు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట ఇవ్వగలడు, రెండోది కష్టం. ఇక ప్రయోజనం: ఈ గ్రంథం పుట్టింది వాడుక సంపాదించడానికి. పాలవాడికీ చాకలికీ కిరాణా కొట్టుకూ ఉండే వాడుకే ఇదీను. ఒకసారి వచ్చి వెళ్ళినామె బేరం. మళ్ళీ మళ్ళీ వచ్చేదే వాడుక. బోర్డు రాయించినామె బేరాన్ని అడుగెత్తు అక్షరాల్లోనూ, వాడుకను చివర మిగిలిన చోటులోనూ పెట్టించిందనీ, ఇందులో ప్రధానపదం 'బ్రైడల్' కాక 'ఐబ్రోస్' అనీ నిరూపించడమే ఈ వ్యాఖ్య పని.

ప్రతిపదార్థం

ఓన్లీ ఫర్ లేడీస్ = వెంట వచ్చిన మగవారు బయట బండి మీద కూర్చుని ఫోను చూసుకోవలసినదని; బ్రైడల్ మేకప్ స్పెషలిస్ట్ = కనీసం ఒక పెళ్ళికూతురిని అలంకరించినది, ఆ పెళ్ళి తన పిన్ని కూతురిదే అయినా సరే; ఫేషియల్, బ్లీచింగ్, హెయిర్ కటింగ్ = ధరలు లోపల చెప్పబడునవి; ఐబ్రోస్ = నూలు దారం ఒక కొస పంట పట్టి, తక్కినది వేళ్ళ మధ్య మెలితిప్పి, కనుబొమ్మల అదనపు వెంట్రుకలను కుదుళ్ళతో సహా లాగెయ్యడం; హోమ్ సర్వీస్ కలదు = స్కూటీ కలదు; కోర్సు నేర్పబడును = సహాయానికి మనిషి కావలెను; మంగళవారం సెలవు = దీనికి వివరణ చివర వచ్చును.

తాత్పర్యం

పెళ్ళికూతురు పెద్ద అక్షరాలకు తగినదే. వడ్డాణం, పాపిడిబిళ్ళ, పూలజడ ఉన్న ఫొటో బోర్డు మీద వేస్తే వీధికే కళ వస్తుంది. కాని వాడుక దృష్టితో చూస్తే ఆమెంత నమ్మకం లేని మనిషి ఇంకొకరు లేరు. ఆమె వచ్చేది జీవితంలో ఒక్కసారి, ఆ మర్నాడు అత్తవారి ఊరికి వెళ్ళిపోతుంది. రాజోలు పిల్ల హైదరాబాదులోనో డాలస్‌లోనో తేలుతుంది. ఆమెకు కాలం కూడా వశంలో ఉండదు. 2024 ఏప్రిల్ చివర్లో శుక్రమూఢం పట్టింది, మధ్యలో గురుమూఢం వచ్చి కలిసింది, అవి వదిలేసరికి ఆషాఢం సిద్ధంగా ఉంది. ఆగస్టులో శ్రావణం అడుగుపెట్టేదాకా డెల్టాలో బాజా మోగలేదు. దాళ్వా కోతలు అయ్యి ఇళ్ళలో నాలుగు డబ్బులు ఆడవలసిన వేసవి అది. ఆ వేసవికి ముందే వధువులను నమ్మి గది అద్దెకు తీసుకున్న మనిషి మూడు నెలలకు పైగా ఫ్యాను కింద కూర్చుని అద్దె కట్టవలసినదే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. గురువు సింహరాశిలో ఉండగా గోదావరి తీరాన పెళ్ళిళ్ళు కూడవనే సిద్ధాంతులు కొందరున్నారు. పంచాంగం కరుణించిన నెలలో మరో ఇబ్బంది: ఒకే రాత్రి, ఒకే లగ్నానికి నాలుగు ఊళ్ళలో నలుగురు పెళ్ళికూతుళ్ళు. ఉన్నవి రెండు చేతులు. ఒకరిని ఒప్పుకుంటే ముగ్గురిని పంపెయ్యాలి. కనుబొమ్మకు ఇవేవీ పట్టవు. మూఢంలోనూ పెరుగుతుంది, ఆషాఢంలోనూ పెరుగుతుంది, సుమారు నెల తిరిగేసరికి దిద్దిన గీత చెదిరి మళ్ళీ కుర్చీ వెతుక్కుంటుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. పెళ్ళికి వేలల్లో ముడుతుంది, కనుబొమ్మలకు యాభై లోపు. వందమంది కళ్ళ మీద దారం మెలిపెడితే గాని ఒక వధువుకు సాటిరాదు కదా, లెక్క తెలియని మాట చెబుతున్నావంటాడు. లెక్క నిజమే, ఇంకొంచెం కఠినంగా మనమే వేద్దాం. వందమంది వాడుకదారులు నెలకోసారి వస్తే రోజుకు నలుగురు. మనిషికి నలభై చొప్పున నెలకు నాలుగు వేలు. అద్దె, కరెంటు, క్రీములు పోను ఇంటికి కూరగాయలైనా రావు. కనుబొమ్మలతోనే సంసారం గడుస్తుందని ఎవరూ అనలేదు. గడప దాటించేది మాత్రం అవే. ముఖం మీద పరాయి చెయ్యి పడనివ్వడానికి ఆడవాళ్ళు పెట్టే మొదటి పరీక్ష కనుబొమ్మలు. ఖర్చు తక్కువ, పొరపాటు జరిగితే కొన్నాళ్ళకు అదే పెరుగుతుంది. రెండుసార్లు సమంగా వచ్చాయంటే హస్తవాసి ఉందన్న మాట పుడుతుంది, మూడోసారి ఆ వచ్చినామే ఫేషియల్ ధర అడుగుతుంది, దసరాకు తల్లిని తీసుకొచ్చి తలకు రంగు వేయిస్తుంది, చెల్లెలి పెళ్ళికి ఇంకెవరినీ వెతకదు. వధువు వచ్చే దారి కూడా ఇదే. బోర్డు చూసి వచ్చే పెళ్ళికూతురు అరుదు. వదిన చెప్పగా వచ్చినామే ఎక్కువ. పైగా పెళ్ళింట్లో వధువు ఒక్కతే ఉండదు. పెద్దమ్మలు, పిన్నులు, ఆడపడుచులు, తోడికోడళ్ళు ఒక గదినిండా ఉంటారు. వాళ్ళలో ఊళ్ళోనే ఉండిపోయేవాళ్ళను గుర్తుపట్టి ఫోను నంబరు రాసుకున్న బ్యుటీషియనుకు ఆ పెళ్ళి లాభించింది. వధువు ఫొటోతో సరిపెట్టుకున్న ఆమెకు కూలి మాత్రం గిట్టింది.

సంక్రాంతిని నమ్ముకునేవారికి ఒక్క మాట చాలు. పందేలకు భీమవరం హోటళ్ళు నిండినట్టు పార్లరు నిండదు. నగరాల నుంచి దిగే ఆడపడుచులు అక్కడే దిద్దించుకున్న కనుబొమ్మలతో దిగుతారు, కనుమ దాటితే కనపడరు.

రెండో పూర్వపక్షం దీనికంటే గట్టిది, అది బంధువుల వైపు నుంచి వస్తుంది. వీధిలోవాళ్ళతో వాడుక పెట్టుకుంటే డబ్బులెక్కడివి? "మన పిల్లేగా", "సాయంత్రం ఇస్తానులేమ్మా", "కాస్త పైపైన లాగెయ్యి" అంటూ సగం ఊరు ఉచితంగా దిద్దించుకుపోదా? ఇది కల్పన కాదు, కొత్త పార్లర్లను ముంచేవాటిలో మూఢం తర్వాత ఇదే. అయితే దగ్గరతనం ఉంటే డబ్బు రాదనే నియమం ఈ నేలకు లేదు. డెల్టా పల్లెల్లో మంగలికీ చాకలికీ రైతు ఏడాదంతా డబ్బు ఇవ్వకుండా పని చేయించుకునేవాడు, కోతలయ్యాక కళ్ళంలో మేర కొలిచేవాడు. ఆ పద్ధతిలో అన్యాయాలకు తక్కువ లేదు, కొలిచే చెయ్యి ఎప్పుడూ రైతుదే. దాన్ని మెచ్చుకోవడానికి ఇక్కడ ఎత్తలేదు. ఎత్తింది ఒక్కందుకు: ముఖపరిచయం ఉన్నచోటే లెక్క కూడా ఖాయంగా ఉండేది. ఫలానా ఇల్లు ఫలానా వారి వాడుక అని ఊరంతటికీ తెలుసు, ఎంత మేర రావాలో కూడా తెలుసు. నేటి పార్లరులో ఆ పని చేసేది గోడమీద అంటించిన ధరల పట్టిక. మొహమాటం మనుషుల మధ్య పుడుతుంది; పట్టికకు ఉండదు. మేనత్తకైనా సరే పట్టికలో ఉన్న ధర తీసుకుని, కావాలంటే శ్రావణంలో పసుపుకుంకుమతో పాటు జాకెట్టు గుడ్డ పెట్టవచ్చు. తగ్గింపు ఇవ్వడం కంటే అదే మర్యాద, ఖర్చూ తక్కువ.

ఈ గొడవంతా ఎందుకు, పెద్ద పార్లరులో జీతానికి కుదిరితే పోదా, లేదా ఎవరో పంపిన ఇళ్ళకు వెళ్ళి పనిచేసి వస్తే పోదా అని మూడో పూర్వపక్షి. ఇతనికి సమాధానం నరసాపురంలో ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన లేసు అల్లిక చుట్టుపక్కల పల్లెల్లో వేలాది ఆడవాళ్ళ చేతికి వచ్చింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వచ్చి చూసి, 1982లో ఆ అల్లికపనివాళ్ళ మీద ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె తేల్చిందేమిటంటే, రోజులో ఎన్నో గంటలు అల్లుతున్నా వాళ్ళను అందరూ తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగానే లెక్కగట్టారు, దారం ఇచ్చేది, సరుకు పట్టుకెళ్ళేది ఏజెంట్లు, లాభం వ్యాపారులది. చేతిపనిలో లోటు లేదు. లేనిదల్లా కొనేవారితో పరిచయం. లేసు కొన్నామె ఏ దేశంలో ఉందో అల్లినామెకు తెలియదు, అల్లినామె పేరు కొన్నామెకు తెలియదు. జీతానికి కుదిరిన బ్యుటీషియను పని నేర్చుకునేదాకా కుదరడం మంచిదే, ఎవరి క్రీములతోనో చెయ్యి తిరుగుతుంది. ఆ తర్వాత కూడా అక్కడే ఉంటే ఆమె దిద్దిన కనుబొమ్మలన్నీ యజమానురాలి వాడుక కింద జమ పడతాయి. ఇక్కడ కనుబొమ్మలకు లేసు మీద ఒక పైచెయ్యి ఉంది: దళారి వాటిని మూటగట్టి పట్టుకుపోలేడు. ఆ ముఖం స్వయంగా కుర్చీ దగ్గరికి రావలసిందే.

ఇన్‌స్టాగ్రామ్ సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. రీల్సుకు వేలమంది గుండె గుర్తులు పెట్టవచ్చు. పెట్టినామె నెల్లూరులో ఉంటే రావులపాలెం పార్లరుకు ఒరిగేది లేదు. కనుబొమ్మల కోసం ఆడమనిషి పోయే దూరం బస్సు ఎక్కడానికి ముందే ముగుస్తుంది. అలా అనగానే నాలుగో పూర్వపక్షి 2025 ఆగస్టు 15ను గుర్తుచేస్తాడు. ఆ రోజు నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు; ఇక పల్లె పార్లరు మానేసి అందరూ రాజమండ్రికో అమలాపురానికో పోరా? పెళ్ళిబట్టలకు రాజమండ్రి తాడితోట బజారుకు వెళ్ళినప్పుడు పోతారు, కాదనలేం. కాని టిక్కెట్టు లేకపోయినా పూట పోతుంది, పొయ్యి మీద పప్పు ఆగుతుంది, బడి నుంచి పిల్లలు వచ్చే వేళవుతుంది. పైగా ఆ బస్సు రెండువైపులా తిరుగుతుంది. పక్క మండలానికి కోడలుగా వెళ్ళిన పాత వాడుకదారు పుట్టింటికి వచ్చినప్పుడల్లా తన కుర్చీకి తాను రాగలుగుతోంది. వధువు పోతే తిరిగిరాదని పైన చెప్పిన మాటకు ఇది కొంత మినహాయింపు, డాలస్‌కు వర్తించదు.

విశేషాంశాలు

హోమ్ సర్వీస్ అనే మాటను బోర్డు వసతిగా చెబుతోంది. మొదలుపెట్టే రోజుల్లో అది వసతి కాదు, అసలు పద్ధతే. అమెరికాలో మేడమ్ సి.జె. వాకర్ అనే నల్లజాతి స్త్రీ 1867లో పుట్టి, బట్టలుతికి బతికి, ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో జుట్టు మందులు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. మొదట్లో బోర్డు కట్టి కూర్చోలేదు. ఇళ్ళలోనే కూర్చోబెట్టి తలకు రాసి చూపించింది. 1917లో తన ఏజెంట్లతో ఫిలడెల్ఫియాలో పెద్ద సభే పెట్టింది. ఆమె పుట్టిన ఊరు లూసియానాలోని డెల్టా. మనకు ఇంతకంటే శుభశకునం దొరకదు. మన డెల్టాలో ఇంటింటికీ తిరగనక్కరలేదు, డ్వాక్రా సంఘం ఉంది. పదీ పదిహేను మంది ఒక వసారాలో పొదుపు పుస్తకాలతో కూర్చునే చోటికి ఒకసారి దారం తీసుకెళ్ళి, అప్పటికప్పుడు ఇద్దరికి దిద్దితే తక్కినవారు అద్దం చూసి నిర్ణయించుకుంటారు. అప్పు వాయిదా కట్టే రోజున మాత్రం వెళ్ళకూడదు.

'కోర్సు నేర్పబడును' దగ్గర జాగ్రత్త కావాలి. నేర్చుకున్న పిల్ల రెండు వీధుల అవతల తానే బోర్డు కడుతుందన్న భయం ఉంది, కడుతుంది కూడా. వాకర్ కూడా నేర్పింది. అయితే నేర్చినవాళ్ళు ఊరూరా పోయి ఆమె సరుకే అమ్మారు. తన సరుకంటూ లేని పార్లరుకు ఆ లాభం లేదు. కాబట్టి వాడుక కుదిరేదాకా ఈ వాక్యాన్ని చెరిపించడం మేలని వ్యాఖ్యాత అభిప్రాయం. దాని బదులు బ్లీచింగ్ పక్కన 'ముందు చెవి వెనక వేసి చూడబడును' అని రాయిస్తే ఉత్తమం. బ్లీచ్ అయినా తలరంగు అయినా కొద్దిగా చర్మానికి రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూశాక వేయడం నియమం. పట్నంలో ఒక ముఖం మండితే ఒక ఫిర్యాదు. ఊళ్ళో మండితే సాయంత్రానికి నీళ్ళ ట్యాంకు దగ్గర సభ.

మిగిలింది మంగళవారం. మగవాళ్ళ సెలూన్లు మూసే రోజు గనుక పార్లరూ మూస్తుంది. ఆ రోజు వెంట్రుక తెగనివ్వని ఇళ్ళు ఇంకా ఉన్నాయి, శుక్రవారాన్ని కూడా కలిపే అత్తగార్లున్నారు. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు ఆదివారమే తీరిక కనుక ఆదివారం తెరిచి మంగళవారం మూయడంలో తప్పు లేదు. కాని ఆ సెలవు కుర్చీకి, ఆమెకు కాదు. వంద పేజీల నోటుబుక్కులో ఎవరు ఏ తేదీన వచ్చారు, ఏ క్రీము పడలేదు, ఎవరింట్లో ఓణీల ఫంక్షను ఉంది అన్నవి రాసి ఉంటే, వచ్చి నెల దాటినా మళ్ళీ రానివాళ్ళు ఆ రోజు బయటపడతారు. మంగళవారం వాళ్ళకు ఫోను చేసి, బుధవారం రమ్మనాలి.