చౌడు పోసేదెవరు?

మిట్టమధ్యాహ్నం మా ఊరి కమ్యూనిటీ హాల్లో కుక్క కూడా పడుకోదు. పైన రేకులు, చుట్టూ సిమెంటు గోడలు, కింద నున్నటి టైల్సు. ఆ టైల్సు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో దిగాయట. పక్కనే బేతంచెర్ల. అక్కడి బండలు ఎక్కడెక్కడికో పోతాయి, మాకు మాత్రం వెయ్యి కిలోమీటర్ల అవతలి సరుకు కావాల్సి వచ్చింది! తడికాళ్లతో వాటి మీద జారని ముసలాడు మా ఊళ్లో లేడు.

మా రోజుల్లో అదే చోట చావడి ఉండేది. రెండడుగుల మందం రాతిగోడలు, అడుసు తొక్కి కట్టినవి. రాయి గుట్టది, మన్ను చెరువుది, దూలాలు వేపవి. దంతెల మీద బండలు పరిచి, మన్ను మెత్తి, ఆపైన చౌడు పోసేవాళ్లం. చౌడు నేలలో గింజ పండదు గానీ మిద్దెకెక్కితే దానంత పనికొచ్చేది లేదు. తడిసిందంటే సందులన్నీ తానే పూడ్చుకుంటుంది. ఏటా తొలకరికి ముందే గంపలు నెత్తికెత్తుకుని నిచ్చెన ఎక్కాల్సిందే. రానివాణ్ణి ఆ ఏడాదంతా ఏడిపించేవాళ్లం. అయితే మన్ను మోసినవాళ్లలో సగం మందికి ఆ చావడి అరుగెక్కే హక్కు లేదు. ఆ ఒక్క సంగతిలో ఈ రేకుల హాలే నయం.

గుడి మండపానికైతే గానుగ సున్నం. ఎద్దులు రాతిచక్రం లాగుతుంటే ఇసుకా సున్నమూ వెన్నలా నలిగేవి. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. 1591 నాటి చార్మినార్ నిలబడింది సున్నం మీదే. సున్నపురాయికి 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటుకు 1450 దాకా కావాలి. పైగా సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకుంటుంది. లోకంలో మనుషులు వదిలే ఆ వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటు పుణ్యమేనట. మాకు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు చూస్తే చాలు, లెక్కలక్కర్లేదు.

అయిదు మైళ్లలో దొరికేవాటితోనే ఇల్లు కట్టాలన్న గాంధీ మాట పట్టుకుని లారీ బేకర్ అనే ఇంగ్లీషాయన 2007లో పోయేదాకా కేరళలో కట్టుకుంటూ పోయాడు. మా మేస్త్రీకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. అంతకు మించి బండి తోలించే స్తోమతు ఊరికి లేదు, అంతే.

ఇప్పుడేమో పట్నం నుంచి ఓ ఇంజనీరు పిల్లోడు వచ్చాడు. మట్టిలో అయిదు శాతం సిమెంటు కలిపి, మిషనుతో నొక్కిన ఇటుకలతో కొత్త హాలు కడతాడట. కట్టనీ, మంచిదే. చావడి పడగొట్టిన నాడు ట్రాక్టరుకెత్తి పారబోసిన మట్టే ఇది. ఇప్పుడు దానికి డిజైను ఫీజు! నా అనుమానం వేరు. పంచాయతీ పద్దుల్లో కట్టడానికి డబ్బు దొరుకుతుంది, ఏటా మిద్దె చూసుకోవడానికి దొరకదు.

"చౌడు ఎవరు పోస్తారు నాయనా?" అన్నాను.

"అక్కర్లేదు తాతా, వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ పూస్తాం."

ఎన్నేళ్లకోసారి పూయాలని అడిగితే, డబ్బా తిప్పి చదవడం మొదలుపెట్టాడు.