‘ఫస్టెయ్’ వాక్యమునకు టీకాతాత్పర్యము

అవతారిక: కమలాపురము చేరువ, పాపాఘ్ని ఒడ్డున, ఎర్రగుంట్ల నాపబండల లోడుతో మిట్ట ఎక్కబోయి ట్రాక్టరొకటి ఆగినది. లోడుపై కూర్చున్న హమాలీ ఇట్లనుచున్నాడు.

మూలము: “టాపులో యాడెక్కుతాదప్పా! క్లచ్చి తొక్కి ఫస్టెయ్, నిదానంగా ఇడువు!”

ప్రతిపదార్థము: అప్పా = ఓ డ్రైవరా (వయసుతో నిమిత్తము లేదు); టాపులో = వేగము మెండై బలము కొంచెమైన గేరునందు; యాడెక్కుతాది = ఎక్కదు; క్లచ్చి తొక్కి = ఇంజనుకును గేరుబాక్సుకును గల పొత్తు విడదీసి; ఫస్టెయ్ = గేరురాడును మొదటి గేరునకు నెట్టుము; నిదానంగా ఇడువు = క్లచ్చిప్లేటు జారుచు జారుచు పట్టు దొరకించుకొనునట్లు కాలు తీయుము.

టీక: ఫస్టు వేసినంతనే ఇంజనుకు కొత్త సత్తువ వచ్చునా యని శంక. రాదు. 15 పండ్ల చక్రము 45 పండ్ల చక్రమును తిప్పుచున్నదనుకొనుము. (పండ్లనగా దంతములు, పులివెందుల చీనీకాయలు కావు.) చిన్నది మూడు చుట్లు తిరిగినగాని పెద్దది ఒక చుట్టు తిరగదు. వేగము మూడవవంతునకు దిగును, తిప్పుబలము మూడింతలగును. అయితే ప్రొద్దుటూరు బంగారపంగట్లో వలె ఒరపిడి తన తరుగు తాను తీసుకొనును.

రాడు కదల్చగా చక్రములే జరిగి కలియునని టీయంగడి పండితుల మతము. పాత బండ్లలో అది నిజమే. ఇప్పటి బాక్సులలో పెక్కింట ముందుకు పోవు గేర్ల చక్రములు ఎల్లప్పుడు జతజతలుగా కలిసియే యుండును. పని లేనివి షాఫ్టుపై ఉత్తగా తిరుగుచుండును. జరుగునది స్లీవు మాత్రమే. కోరిన చక్రమును అది షాఫ్టుకు బిగించును. రెంటి వేగములు కుదరనిచో వినవచ్చునదే ఆ కరకర. 1928లో అమెరికాలో క్యాడిలాక్ వారు తెచ్చిన సింక్రోమెష్‌లో, పండ్లు కలియకముందే ఒక శంకువు ఒరసి వేగములు సరిచేయును. అది లేని లారీలలో డ్రైవర్లు ఒక్కొక్క గేరుకు రెండుమార్లు క్లచ్చి తొక్కుచుండిరి.

రెండు చక్రముల నడుమ మూడవది చొచ్చిన తిరుగుడు దిశ మారును, అదియే రివర్సు. దానినిగూర్చి మూలకారుడు మౌనము వహించెను. వెనుక పాపాఘ్ని యున్నందున కాబోలు.

తాత్పర్యము: తొందర మానినగాని బండలు మిట్ట ఎక్కవు.

పాఠాంతరము: “హాఫు క్లచ్చిలోనే పట్టుకో” అని కొందరు. ఇది అగ్రాహ్యము. ప్లేటు మాడి కంపు కొట్టును. మెకానికులు చొప్పించిన పాఠమై యుండును.