ఎన్నేళ్ళు బతుకుతుంది?

మార్చిలో మా అమ్మ పోయాక ఇల్లు బోసిపోయింది. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి హాస్టల్ నుంచి వచ్చిన మావాడు ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. మాతో మాటలు తగ్గించేశాడు. చిన్నప్పటి నుంచీ కుక్కపిల్ల కావాలని వాడి గొడవ. అమ్మకు మడీ ఆచారం ఉండటంతో ఇన్నాళ్ళూ కాదన్నాం. ఇప్పుడు నేనే, "పదరా, కుక్కపిల్లను తెచ్చుకుందాం" అన్నాను.

"కుక్క వద్దు నాన్నా. నేను వెళ్ళిపోయాక గుమ్మం దగ్గర కూర్చుని ఎదురుచూస్తుంది. ఇంకేదన్నా తెచ్చుకుందాం" అన్నాడు.

విజయవాడలో ఒక పెంపుడు జంతువుల కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టతను హామ్‌స్టర్‌ను తీసి వాడి అరచేతిలో పెట్టాడు.

"ఎన్నేళ్ళు బతుకుతుంది?"

"రెండేళ్ళు, మహా అయితే మూడు."

మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేశాడు. ఫైటర్ చేప దగ్గరా అదే ప్రశ్న, దాదాపు అదే జవాబు. రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదైన ఎర్రచెవుల తాబేలు పిల్ల ముప్పై ఏళ్ళైనా బతుకుతుందని విని వాడి మొహం విప్పారింది. ఈసారి నేనే అడ్డుచెప్పాను. అవి అమెరికా జాతివి, పెరిగి పళ్ళెమంత అవుతాయి. సాకలేక జనం చెరువుల్లో వదిలేస్తే, మన తాబేళ్ళ తిండినీ అవి ఎండ కాగే చోటునూ లాక్కుంటాయి.

కొట్టతను గొంతు తగ్గించి, నక్షత్ర తాబేలు తెప్పిస్తానన్నాడు. అది మన పొదల అడవుల్లో తిరగాల్సిన జీవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం అన్నీ నేరమే. రామచిలుకను పంజరంలో పెట్టినా నేరమే, ఎన్ని ఇళ్ళలో చూడటం లేదు! ఆ మాట అతనికి గట్టిగానే చెప్పాను.

చివరికి మావాడు ఒక కాకటీల్ పంజరం ముందు ఆగాడు. బూడిదరంగు ఒళ్ళు, పసుప్పచ్చని మొహం, చెంపల మీద నారింజ రంగు బొట్లు. మమ్మల్ని చూసి తల మీది కుచ్చు నిక్కబొడిచింది. పుట్టిల్లు ఆస్ట్రేలియా, కానీ ఇక్కడ దొరికేవి పంజరాల్లో పొదిగి పెంచినవే. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్ళు బతుకుతుందన్నాడు కొట్టతను. వాడు వేళ్ళు మడుస్తూ లెక్క వేసుకున్నాడు. ఇంటర్ ఇంకో ఏడు, ఇంజనీరింగ్ నాలుగేళ్ళు...

"ఇది ఉంటుంది" అన్నాడు.

మిగిలిన సెలవులన్నీ దానితోనే. వాడు ఈల వేస్తే అదీ ఈల వేసేది. మళ్ళీ ఇంట్లో వాడి నవ్వు వినపడింది. హాస్టల్‌కు వెళ్ళే రోజున ఒక కాగితం నిండా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. పొద్దుతిరుగుడు గింజలు అడిగినన్ని పెట్టొద్దు, కాలేయానికి కొవ్వు పడుతుంది. కొర్రలు, తోటకూర, కొత్తిమీర పెట్టండి. అవకాడో విషం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ చాలు దాని ప్రాణం తీయడానికి. మా ఆవిడ అది చదివి, వెంటనే పెనం తీసి అటక మీద పడేసింది. చిమ్మచీకట్లో ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకుని గాయపడుతుంది, బెడ్‌లైటు వెలుగుతూ ఉండాలి. వారానికోసారి వంటింటి త్రాసులో తూచండి, ఇప్పుడు 90 గ్రాములుంది. పక్షులు జబ్బును పైకి కనపడనివ్వవు, మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఇంత బాధ్యత ఎప్పుడు నేర్చాడోనని నా గుండె నిండిపోయింది. వాణ్ణి బస్సెక్కించి ఇంటికొచ్చి, ఇంకోసారి చదువుదామని కాగితం ఊడదీశాను. వెనకవైపు కూడా ఒక వాక్యం ఉంది.

"దీనికి ఏమన్నా అయితే, పరీక్షలున్నా సరే, అదే రోజు నాకు చెప్పండి."

మా అమ్మ పోయింది వాడి మొదటి పరీక్ష నాడు. వాడికి మేం చెప్పింది ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం, హాస్టల్ గేటు బయట.