నాకు నేనే సాక్షి

పది రోజుల్లో ఒక ఫారం మూడుసార్లు తిరిగొచ్చింది. మొదట జిరాక్సుల మీద సంతకం లేదన్నారు. పెట్టాను. తర్వాత పైన 'సెల్ఫ్ అటెస్టెడ్' అని రాయలేదన్నారు. రాశాను. మూడోసారి తేదీ లేదన్నారు. "ఇవి నావేనని నేనే ఒప్పుకుంటున్నాగా బాబూ!" అన్నాను. "ఒప్పుకుంటే చాలదు సార్, అటెస్ట్ చెయ్యాలి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

ఒళ్లు మండి నిఘంటువు తీశాను. అటెస్ట్‌కి మూలం లాటిన్ 'టెస్టిస్', అంటే సాక్షి. పక్కన నిలబడ్డ మూడోవాడని ఆ మాటకి అసలర్థమట. ప్రొటెస్టు, కాంటెస్టు, డిటెస్టు దీని దాయాదులే. ఈ పది రోజుల్లో వాటన్నిటి దాకా వెళ్లొచ్చాను. ఇంతకీ, మూడోవాడే సాక్షి అయితే నాకు నేనే మూడోవాణ్ణెలా అవుతాను? నా పెళ్ళికి నేనే మంత్రాలు చదువుకున్నట్టుంది.

2014లో కేంద్రం ఈ సొంత సాక్ష్యాన్ని ప్రోత్సహించకముందు గెజిటెడ్ ఆఫీసరు కావాల్సి వచ్చేది. మా ఊరికి ఆ హోదా ఉన్నది పశువుల డాక్టరుగారొక్కరికే. ఇంటర్ మార్కుల లిస్టు పట్టుకెళ్తే, ఆయన భుజం దాకా తొడుగేసుకుని ఎవరి గేదెకో చూడి పరీక్ష చేస్తున్నారు. "ఉండరా అబ్బాయ్." గేదె వంతయ్యాక నా వంతు. చేతులు కడుక్కుని ఆకుపచ్చ ఇంకు పెన్ను తీశారు. ఒరిజినల్ వైపు చూస్తే ఒట్టు.

"మీ గేదె ఎన్నో ఈతరా?"

"మూడో ఈతండీ."

"పాలెన్నిస్తోంది?"

"పూటకి మూడు లీటర్లండీ."

"తవుడు కాస్త ఎక్కువ పెట్టమను మీ నాన్నని."

ఆరు కాపీల మీదా ఠపఠపా స్టాంపు పడింది. దాంతోపాటే కాండక్ట్ సర్టిఫికెట్టూ ఇచ్చారు. నేను మూడేళ్లుగా తెలుసట, నా నడవడి మంచిదట. ఆయనకి తెలిసిన నడవడి మా గేదెది. అది తన్నదు.

అప్పుడు దారంతా నవ్వుకున్నాను. ఇప్పుడు అంత నవ్వు రావడం లేదు. ఆయన కాగితం చూడలేదు గానీ నన్ను చూశారు. ఎవరబ్బాయినో, ఇంట్లో పాడి ఎలా ఉందో ఆయనకి తెలుసు. ఇక్కడ పద్నాలుగేళ్లుగా ఒకే అపార్టుమెంటులో ఉంటున్నా, వాచ్‌మన్‌కి నేను మూడొందల రెండుని. ఫలానావాణ్ణి నేనేనని చెప్పడానికి పక్కన నిలబడమని ఎవర్ని పిలవను?

నిన్న నాలుగోసారి వెళ్లాను. ముచ్చటపడి ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టాను. ఆ రంగు ఆఫీసర్లదట. ఫారం మళ్ళీ ఇంటికొచ్చింది.