సాంటా మారియా సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: శేషించిన దారములన్నిటిని కట్టి ఓడను పూర్తిచేయుము.

అవతారిక: 1492లో కొలంబస్ ఎక్కిన సాంటా మారియాను చెక్కతో కట్టుకొను కిట్టులోని కరపత్రమున ఇది కడపటి సూత్రము. వెన్నుకు పక్కటెముకలు తగిలించుట, చెక్కపట్టీలను నీట నానబెట్టి వంచుట మున్నగునవి బొమ్మలతో వివరించి, కాగితము చాలకనో కరుణ చాలకనో ఆచార్యుడు మిగిలినదంతయు ఒక్క వాక్యమున ముగించెను.

టీక: శేషించిన = మిగిలిన; అనగా దాదాపు సగము పని. దారములు = స్తంభమును ఇరువైపుల నిలిపి పట్టు తాళ్లు, వానికి అడ్డముగా నావికులు ఎక్కుటకై కట్టు మెట్టుతాళ్లు. కట్టి = ఒక్కొక్క కూడలికి ఒక్కొక్క ముడి వేసి. పక్కకు ఆరు తాళ్లు, ఇరువది మెట్లు అనుకొన్నచో 120 ముళ్లు. రెండు పక్కలకు 240. ముడి వదులైనచో మెట్టు జారును. బిగిసినచో తాళ్లు లోనికి లాగబడి నిచ్చెనకు నడుము సన్నగిల్లును. నాయికకిది గుణము, ఓడకు దోషము. జిగురు అను పదమును అధ్యాహారము చేసికొనవలెను. అది వ్రేళ్లతో కూడ అన్వయించును. పూర్తిచేయుము = ఇది విధి కాదు, ఆశీర్వచనము.

తాత్పర్యము: సెలవు పెట్టుము.

విశేషములు: ఓడస్తంభమునకు అమరకోశము గుణవృక్షకమని పేరు పెట్టినది. గుణమనగా ఇచట తాడు. తాళ్ల చెట్టని భావము. ఈ పేరులోని సొగసు పట్టకారు చేతబట్టినవానికే బోధపడును.

పెట్టెమీద 'యథాతథ ప్రతిరూపము' అని యున్నది. ఇది విచార్యము. సాంటా మారియా నిర్మాణపటము ఒక్కటియు దక్కలేదు. కొలంబస్ దినచర్య మూలప్రతియు పోయినది. లాస్ కసాస్ అను మతాచార్యుడు వ్రాసికొన్న సంగ్రహమే మిగిలినది. తోడు వచ్చిన నీన్యా, పింటాల వలె అది కారవెల్ కాదు, నావో అను పెద్దపొట్ట సరకుల ఓడ అని మాత్రము తెలియును. పొడవు ఎవరి లెక్క వారిదే. కనుకనే ఒక కంపెనీ ఓడకును మరియొక కంపెనీ ఓడకును పాఠభేదములు. నాలుగు వందల ఏండ్ల ఉత్సవమునకై 1892లో స్పెయిన్ వారు కట్టిన నిలువెత్తు ఓడయు ఒక వ్యాఖ్యానమే. దేనిని పోలినదో అదే లోపించినది గనుక ఇది లుప్తోపమ.

ఇక మూలము గతి: 1492 డిసెంబరు 24 అర్ధరాత్రి వేళ, చుక్కాని ఒక కుర్రవాని చేతనుండగా, నేటి హైతీ ఉత్తర తీరమున మేటనెక్కినది. దాని చెక్కలు ఊడదీసి లా నవిదాద్ అను కోట కట్టిరి.

ఈ వ్యాఖ్యాత ఓడ 163వ ముడికడ నిలిచిపోయినది. నిత్యము మల్లెలు కట్టు మా అత్తగారు అటుగా వచ్చి, కళ్లజోడు సవరించుకొని, "ఇలా ఇవ్వండి బాబూ" అనిరి. మిగిలినవి ఆ మధ్యాహ్నమే అయినవి. పిదప నా 163 ముళ్లును విప్పి మళ్లీ కట్టినారు.