లైనక్స్ బాబాయి గృహప్రవేశం

మా లైనక్స్ బాబాయి సొంతిల్లు కట్టలేదు కానీ, హోమ్ డైరెక్టరీకి మాత్రం ఏడాదికో గృహప్రవేశం చేస్తాడు. ఇలాంటి బాబాయి ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నామని తెలిస్తే చాలు, పెళ్లి బంతిలో పప్పు వడ్డించేలోగా "విండోస్ పీకెయ్‌రా" అంటాడు.

కొత్త హార్డ్ డిస్కు ఇంటికొస్తే ఆయనకి పూనకమే. "సిస్టమ్ సామాను రెండో డిస్కులోకి మార్చడం మన వంశాచారంరా! 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో మొదటి డిస్కు నిండిపోతే యూనిక్స్ పుట్టించిన థాంప్సన్, రిచీ చేసిందిదే. యూఎస్‌ఆర్ డైరెక్టరీ లోపల ఇంకో బిన్ అలా పుట్టిందే" అంటాడు, తాతముత్తాతల గురించి చెబుతున్నట్టు.

"ఫైళ్లన్నీ మామూలుగా కాపీ కొట్టేస్తే పోలా బాబాయ్?" అన్నానోసారి. గంగలో చెప్పులు కడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. "ఏ ఫైలు ఎవరిదో, ఎవరికి ఏ అనుమతో అంతా కలగాపులగం అవుతుంది. ఆర్‌సింక్ కమాండ్‌ని -a తో కొడితే ఎవరి గది వాళ్లకే!"

డిస్కుని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పిలవడు. బూటుబూటుకీ ఆ పేర్లు మారొచ్చట. హైఫన్లతో సహా 36 అక్షరాల యూయూఐడీ అనే గుర్తింపుని జాతకంలా కాగితం మీద రాసుకుని, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్‌లో ఎక్కించి మూడుసార్లు సరిచూస్తాడు. ఒక్క అక్షరం తప్పితే తెల్లారి సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో మూలుగుతుంది మరి. హోమ్ మారుస్తాడు, వార్ డైరెక్టరీ మారుస్తాడు. ఈటీసీ జోలికి మాత్రం పోడు. "ఎఫ్‌స్టాబ్ ఉండేది అందులోనే. తాళంచెవి లోపల పెట్టి బీరువా మూస్తామా?"

మొన్న సంక్రాంతికి శాస్త్రోక్తంగా హోమ్ మార్చాడు. రీబూట్ చేస్తే సిస్టమ్ చక్కగా లేచింది. పాత డిస్కు మాత్రం ఎప్పట్లాగే నిండుగా ఉంది! డిస్కు లెక్క చెప్పే డీఎఫ్ నిండిందంటుంది, ఫైళ్ల లెక్క చెప్పే డీయూ వెతికితే ఏమీ లేదంటుంది. రాత్రంతా జాగారం.

పొద్దున్నే పిన్ని కాఫీ తెచ్చింది. "ఏమండీ, పాతిల్లు ఖాళీ చేశారా అసలు?"

బాబాయి చేతిలో కప్పు ఆగిపోయింది. కొత్త డిస్కుని అన్‌మౌంట్ చేశాడు. పాత హోమ్ మొత్తం అక్కడే ఉంది! దాని మీదే కొత్తది మౌంట్ చేశాడు, దుమ్ము ఊడ్వకుండా చాప పరిచినట్టు.

"లైనక్స్ నీకెలా వచ్చు పిన్నీ?" అన్నాను.

"నాకెందుకొస్తుందిరా? ఏడిళ్లు మారాం. ఒక్కసారైనా అటక ఖాళీ చేశారా ఈయన?"