ముల్లు దిగితేనే పాటట!

నిజామాబాద్‌లో పాటకు కూడా మడి కట్టేవాళ్లు తయారయ్యారు. ఫోన్‌లో వింటే అంటు. నల్లటి ప్లేటు మీద ముల్లు దిగితేనే సంగీతమట. డిజిటల్ పాటకు ప్రాణం లేదట, రికార్డులో వెచ్చదనం ఉందట. సిరికొండ నుంచి బోధన్ దాకా మే నెలలో వెచ్చదనానికి ఎప్పుడూ కరువు లేదు గానీ, దాన్ని పైసలు పెట్టి కొనుక్కోవాలని మాత్రం మాకు తెలియదు.

సరే, లెక్క చూద్దాం. ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు అర మీటరు గాడి నడిస్తే, నడుమకు వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అందుకే ప్లేటు ప్రతి వైపు చివరి పాటలో ‘స’కారాలు బుసకొడతాయి. ముల్లు గాడి తప్పకుండా మంద్రస్వరాలను ముందే తగ్గించి చెక్కుతారు, వినేటప్పుడు యాంప్లిఫయరు మళ్లీ పెంచుతుంది. ఇంత బేరసారం అయ్యాక చెవిన పడేది కల్తీ లేని ధ్వని! సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసుకునే సీడీ మాత్రం పాటను ముక్కలు చేస్తుందట. మనిషి చెవికి అందేదంతా ఆ కొలతల్లోంచి మళ్లీ లేచి వస్తుందని చెప్పి చూడండి, మీకు చెవి లేదంటారు.

చెవి సంగతి 2022లోనే తేలింది. పాత టేపుల నుంచి నేరుగా చెక్కినవని అభిమానులు నమ్మి, వంద డాలర్లకు పైగా పోసి కొన్న మొబైల్ ఫిడెలిటీ కంపెనీ రికార్డుల్లో నడుమ డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది. పట్టింది ఏ బంగారు చెవో కాదు, అమెరికాలో ఒక రికార్డుల దుకాణదారు నోరు విప్పితే తెలిసింది. అప్పటిదాకా అదే అసలు అనలాగ్ అని మురిసిపోయారు.

మన దగ్గర రికార్డు విన్నది ఎట్ల? పెళ్లి పందిట్లో మైకుసెట్టు, వేపచెట్టుకు కట్టిన రేకు గొట్టం. ఘంటసాల భగవద్గీత గుడి మీది గొట్టంలోంచి చెరకు తోటలు దాటి పోయేది. మంద్రమూ లేదు, తారమూ లేదు, గరగర మాత్రం దండిగా ఉండేది. అయినా ఊరంతా వినేది, పైసా ఖర్చు లేకుండా. ఇప్పుడు ప్లేట్ల అన్నగారు, గదిలో పిల్లలు గట్టిగా అడుగేస్తే ముల్లు ఎగురుతుందని తలుపు వేసుకుంటారు. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది గాబట్టి సరిపోయింది, లేకుంటే దాని మసి తుడిచే బ్రష్షులకే ఆస్తి కరిగేది. కార్మికుల బతుకు ఏమైందన్నది వేరే లొల్లి, అది ఏ ప్లేటుకూ ఎక్కలేదు.

ఇరవై నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పడం కూడా సాధనేనట. సరే, మోకాళ్లకు మంచిది.

ఇక బజార్లోకి బ్లూటూత్ టర్న్‌టేబుళ్లు కూడా వచ్చాయి. ముల్లు భక్తిగా గీసి తెచ్చిన పాటను ఆ పెట్టె అంకెలుగా మార్చి గాలిలో స్పీకరుకు పంపుతుంది. దాని ముందు కూర్చుని మనవాళ్లు కళ్లు మూసుకుని అంటారు గదా, ‘ఆహా, డిజిటల్‌లో ఇది వస్తుందా?’